ఉడుకునీళ్లలో ఉప్పు వేస్తే కండల నొప్పి నిజంగా తగ్గుతుందా? (సలేశ్వరం దిగొచ్చిన కాళ్ల సంగతి)

దేవరకొండ_చిన్నోడు | సోమవారం, రాత్రి 9:20

అందరికీ నమస్తే. చైత్ర పౌర్ణమికి మా అమ్మ, నేను, ఇద్దరు దోస్తులు కలిసి నల్లమలలోని సలేశ్వరం జాతరకు పోయొచ్చాం. ఫరహాబాద్ దాటి అడవిలో బండ్లు ఆగిన చోటు నుంచి లోయలోకి దిగుడే దిగుడు. రాళ్లు, వేర్లు, ముందూ వెనకా జనం. "వస్తున్నాం లింగమయ్యా" అనుకుంటూ దిగేటప్పుడు ఏమీ తెలియలేదు. మళ్లీ ఎక్కి వచ్చేటప్పుడు ఆయాసం వచ్చింది గానీ నొప్పి లేదు. మరునాడు తొడలు కొంచెం బిగుసుకున్నట్టు అనిపించింది. మూడో రోజు పొద్దున డాబా మెట్లు దిగలేక, గోడ పట్టుకుని, పక్కకు తిరిగి ఒక్కో మెట్టు దిగాను.

అమ్మ కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచి, బకెట్లో రెండు పిడికిళ్ల దొడ్డుప్పు వేసి కాళ్లు పెట్టుకోమంది. పావుగంట పెట్టుకున్నాను. పిక్కలు ఒదిలినట్టయింది, ప్రాణం లేచొచ్చింది. గంట గడిచేసరికి మళ్లీ మామూలే. మా ఆఫీసు దోస్తు ఫోన్ చేసి, "దొడ్డుప్పుతో ఏమీ కాదు, ఎప్సమ్ సాల్ట్ తెప్పించుకో, మెగ్నీషియం ఒంట్లోకి పోయి కండ ఒదులుతుంది" అన్నాడు. ఆన్‌లైన్‌లో చూస్తే కిలో మూడు వందలకు పైన ఉంది.

నా ప్రశ్నలు రెండు. హాయి ఇచ్చింది ఉప్పా, ఉడుకునీళ్లా? రెండోది, అమ్మకు యాభై రెండేళ్లు. నాతోపాటే దిగింది, నాతోపాటే ఎక్కింది. ఆమెకు ఏ నొప్పీ లేదు, మరునాడే చేనుకు పోయింది. ఆమె ఏళ్ల తరబడి రోజూ రాత్రి ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టుకుంటుంది. దాని వల్లనేనా?

కల్వకుర్తి_కుమార్ | సోమవారం, రాత్రి 9:41

ఉప్పే. మా ఇంట్లో తరాలుగా చేస్తున్నాం. డౌటే వద్దు.

పాలమూరు_రన్నర్ | సోమవారం, రాత్రి 9:58

నేను కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం ప్రాక్టీస్ చేస్తున్నా. 1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్. మా గ్రౌండ్‌లో సగం మంది రాత్రికి ఉప్పునీళ్లలో కాళ్లు పెడతారు. పని చేస్తుందనే అంటారు, ఎట్లా చేస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు. ఫాలో అవుతున్నా.

ఫిజియో_నల్లగొండ | సోమవారం, రాత్రి 10:35

తమ్ముడూ, నువ్వు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగినందుకు నొప్పి. నొప్పి వచ్చింది కూడా మూడో రోజు. దీన్ని మా చదువులో ఆలస్యంగా వచ్చే కండల నొప్పి అంటాం. కొత్త పని, ముఖ్యంగా దిగుడు పని చేసిన తర్వాత 24 నుంచి 72 గంటల మధ్య బాగా ముదురుతుంది. ఐదు రోజులకో, వారానికో దానంతట అదే పోతుంది.

దిగేటప్పుడు ఎందుకంటే, ఎక్కేటప్పుడు తొడ ముందు కండ ముడుచుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు అదే కండ మన బరువును ఆపుతూ సాగుతుంది. బ్రేకు పట్టుకుని బండిని వాలులో దింపినట్టు. అట్లా బరువు మోస్తూ సాగినప్పుడు కండ పోగుల్లో చాలా సన్నటి చోట్ల దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బను ఒళ్లు బాగు చేసుకునేటప్పుడు వచ్చే వాపు, సున్నితత్వమే ఈ నొప్పి. సన్నటి పోగులు దెబ్బ తినడం వల్లే ఈ నొప్పి వస్తుందని 1902లోనే థియోడోర్ హఫ్ అనే శాస్త్రవేత్త రాశాడు. జిమ్‌లో చాలామంది చెప్పే లాక్టిక్ యాసిడ్ కథ నమ్మకు. అది పని ఆపిన గంటలోపు రక్తంలో సర్దుకుంటుంది. మూడో రోజు నొప్పికి దానితో సంబంధం లేదు.

ఇప్పుడు మీ అమ్మగారి సంగతి. అదే పని ఒకసారి చేసిన కండకు రెండోసారి ఆ దెబ్బ చాలా తక్కువ తగులుతుంది. ఒక్కసారి చేసినా వారాల తరబడి ఆ రక్షణ ఉంటుంది. నాట్లు వేసే ఆడవాళ్లను అడుగు. మొదటి రెండు మూడు రోజులు నడుము, తొడలు పట్టేస్తాయి, తర్వాత అదే మడిలో పొద్దంతా వంగినా అంత ఉండదు. మీ అమ్మ రోజూ చేన్లో వంగి లేచే మనిషి. సలేశ్వరం దిగుడు ఆమె కండలకు కొత్త కాదు. నీకు కొత్త. ఆమె కాళ్లను కాపాడింది ఆమె చేసిన పని, బకెట్ కాదు.

ఉప్పు గురించి: ఉడుకునీళ్లకు రక్తం బాగా ప్రసరిస్తుంది, బిగుసుకున్న కండ ఒదులుతుంది. అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. వేడి తగిలిన కబురు, నొప్పి కబురు రెండూ వెన్నుపాము దగ్గరికే పోతాయి. వేడి కబురు బలంగా ఉంటే నొప్పి కబురు పైకి పోవడం తగ్గుతుంది. నొప్పి కబురును వేరే కబురు వెన్నుపాము దగ్గరే తగ్గించగలదని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు సిద్ధాంతం చెప్పారు. తలుపు దగ్గర నలుగురు ఒకేసారి తోసుకుంటే అందరూ లోపలికి రాలేరు కదా. అందుకే పావుగంట హాయిగా ఉంది, నీళ్లు చల్లారాక మళ్లీ మొదలైంది. దెబ్బ మానలేదు, నొప్పి తెలియడం తగ్గింది. అది తక్కువ సుఖమేమీ కాదు, ఆ సుఖం కోసం రోజూ పెట్టుకో. ఆ పని ఉప్పు చేసిందనడానికి మాత్రం నాకు ఆధారం కనపడలేదు.

అచ్చంపేట_అక్క | మంగళవారం, ఉదయం 6:12

మా నాయనమ్మ చేసినవి చెప్తాను. ఒంటి నొప్పులకు వాయిలాకు వేసి కాచిన నీళ్లు. బాలింతకు పోసేవీ ఆ నీళ్లే. నడుము పడితే ఉప్పు కాపడం. మూకుడులో దొడ్డుప్పు వేసి, చిటపటలాడి చప్పుడు ఆగేదాకా వేయించి, పాత నూలు బట్టలో మూటకట్టి, ముందు తన మోచేతి లోపలి వైపు ఆనించి చూసుకుని, అప్పుడు మా నడుముకు పెట్టేది. మూట చల్లారితే మళ్లీ మూకుట్లోకి. ఒకే ఉప్పు నాలుగైదు రోజులు వాడేది.

ఫిజియో సార్ రాసింది చదివాక ఆలోచించాను. మూటలో ఉప్పు చర్మానికి తగలదు, బట్ట అడ్డం ఉంటుంది. అయినా హాయిగానే ఉండేది. అంటే అక్కడ ఉప్పు పని వేడిని పట్టి ఉంచడమే. ఇసుకతో కూడా కాపడం పెట్టేవాళ్లు మా ఊళ్లో.

బత్తాయి_రైతు | మంగళవారం, ఉదయం 7:45

అన్నలూ, ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేటే. మా బత్తాయి తోటలో ఆకులు పసుపు తిరిగితే, పత్తి చేన్లో ఆకులు ఎర్రబడితే కొట్టేది అదే. లీటరు నీళ్లకు 10 గ్రాములు. ఎరువుల దుకాణంలో సంచుల్లో దొరుకుతుంది, ఆ ధరకూ ఆన్‌లైన్ ధరకూ పోలికే లేదు.

నాకో సందేహం. ఆకు మీద కొడితే ఆకు పీల్చుకుంటుంది, వారం పది రోజుల్లో పచ్చబడుతుంది. నా కళ్లతో చూశాను. మరి ఆకు పీల్చుకున్నప్పుడు మన తోలు ఎందుకు పీల్చుకోదు?

వనపర్తి_కెమిస్ట్రీ | మంగళవారం, మధ్యాహ్నం 1:30

లెక్చరర్‌ని, లంచ్ టైంలో రాస్తున్నాను. రైతన్న అడిగిన ప్రశ్న ఈ చర్చ మొత్తంలో అసలైన ప్రశ్న.

ఆకు పనే బయటి నుంచి తీసుకోవడం. దాని మీద సన్నటి మైనపు పొర, మధ్యమధ్య గాలి పీల్చే రంధ్రాలు ఉంటాయి. అయినా కొట్టిన మందులో కొంతే లోపలికి పోతుంది. అందుకే మీరు రెండు మూడు సార్లు కొడతారు. మన చర్మం పని దానికి పూర్తిగా ఎదురు. బయటి నీళ్లు లోపలికి, లోపలి నీళ్లు బయటికి పోకుండా ఆపడం. పై పొరలో చచ్చిన కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి, వాటి సందుల్లో సిమెంటులా కొవ్వు. మెగ్నీషియం నీళ్లలో కరిగితే చుట్టూ నీటి అణువులను గట్టిగా పట్టుకుని తిరుగుతుంది. అంత మూటతో కొవ్వు గోడను దాటడం చాలా కష్టం. వెంట్రుకల మొదళ్ల దగ్గర, చెమట రంధ్రాల దగ్గర కొంచెం దూరవచ్చు. కండకు మందయ్యేంత దూరుతుందని ఎవరూ గట్టిగా చూపించలేదు. చర్మం ద్వారా మెగ్నీషియం ఎక్కుతుందనే మాటకు శాస్త్రీయమైన ఆధారం లేదని 2017లో న్యూట్రియెంట్స్ అనే పరిశోధన పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. ఎక్కుతుందని చెప్పేవాళ్లు ఎక్కువగా చూపించేది బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో 19 మందితో చేసిన ఒక చిన్న పరీక్షను. తోటి శాస్త్రవేత్తలు పరిశీలించి వేసే పత్రికల్లో అది అచ్చు కాలేదు.

ఇక దొడ్డుప్పు. "ఉప్పు ఒంట్లో నీరు లాగుతుంది, విషం లాగుతుంది" అనే మాటకు నిన్న రాత్రి ఇంట్లో లెక్క కట్టాను. నా పిడికిలి దొడ్డుప్పు వంటింటి త్రాసులో 45 గ్రాములు తూగింది. రెండు పిడికిళ్లు 90. కాళ్లు పెట్టే బకెట్లో నీళ్లు పది లీటర్లు. అంటే లీటరుకు 9 గ్రాములు, 0.9 శాతం. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ సీసా మీద ఏముంటుందో చూడండి, 0.9 శాతమే. మన రక్తంతో సమానంగా ఉండాలని అట్లా తయారుచేస్తారు. అమ్మ పిడికిలితో వేసిన ఉప్పు అచ్చం ఒంటి లోపలి ఉప్పదనమే అయింది. అటు నుంచి ఇటు లాగడానికీ, ఇటు నుంచి అటు లాగడానికీ తేడాయే లేదు. సముద్రపు నీళ్లలో లీటరుకు 35 గ్రాములు ఉంటుంది. సూర్యలంకలో పొద్దంతా మునిగినవాళ్ల కాళ్లు కూడా ఎండిపోవు.

కల్వకుర్తి_కుమార్ | మంగళవారం, మధ్యాహ్నం 2:05

మరి నీళ్లలో ఎక్కువసేపు ఉంటే వేళ్లు ముడతలు పడతాయి కదా సార్, నీళ్లు లోపలికి పోయినట్టే కదా?

వనపర్తి_కెమిస్ట్రీ | మంగళవారం, మధ్యాహ్నం 2:20

కాదు. అది నరాల పని. నరం తెగిన వేలు ఎంతసేపు నానినా ముడత పడదు. డాక్టర్లు నరం పని చేస్తోందో లేదో చూడటానికి ఈ సంగతి వాడుకుంటారు కూడా.

మర్రిగూడ_మాస్టారు | మంగళవారం, సాయంత్రం 6:50

చర్మం సంగతి మా ప్రాంతంవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత నష్టం చేసిందో మీ అందరికీ తెలుసు. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దిక్కులేకపోతే ఒకటిన్నర దాకా. మావి దానికి ఎన్నో రెట్లు. ఆ నీళ్లతోనే తాగడం, వండుకోవడం, స్నానం, అన్నీ. నడుములు వంగింది, కాళ్లు వంకర పోయింది తాగిన నీళ్ల వల్ల, ఆ నీళ్లతో వండిన తిండి వల్ల. తాగే నీళ్లు మారిస్తే చాలు, స్నానానికి బోరు నీళ్లు వాడుకోవచ్చని మాకు చెప్పారు. కృష్ణా నీళ్లు వచ్చాక కూడా స్నానాలు చాలామందికి బోరు నీళ్లే. ఫ్లోరైడ్ వేరు, మెగ్నీషియం వేరు, ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని రుజువు చేయలేమని నాకు తెలుసు. కానీ చర్మం ఎంత గట్టి గోడో మేం చూశాం.

నేను ఈ చర్చలోకి వచ్చింది ఇంకొకందుకు. మా వైపు నలభై దాటినవాళ్లకు మెడ తిరగకపోవడం, నడుము వంగకపోవడం, మోకాళ్లు బిగుసుకోవడం ఉంటే "పని నొప్పులు" అని ఉప్పునీళ్లతో నెట్టుకొస్తారు. మా అన్న అట్లాగే ఆరేళ్లు నెట్టాడు. కండల నొప్పి వారంలో పోవాలి. నెలలు ఉంటే, ఏటికేడు పెరుగుతుంటే అది ఎముకల సంగతి కావచ్చు. ఎక్స్‌రే తీయించండి. దయచేసి.

నారాయణపేట_మగ్గం | మంగళవారం, రాత్రి 8:15

మాది గుంట మగ్గం. పొద్దంతా గుంతలో కాళ్లు పెట్టి తొక్కుడు. నాకు పిక్కలు, నడుము రోజూ నొప్పే, ఇరవై ఏళ్ల నుంచి. రోజూ చేసే పనికి నొప్పి రాదని సార్ రాశారు. మరి నాకెందుకు వస్తోంది? ఉడుకునీళ్లు పెట్టుకుంటే నిద్ర వరకు పని చేస్తుంది, పొద్దున మళ్లీ అదే.

ఫిజియో_నల్లగొండ | మంగళవారం, రాత్రి 9:30

అన్నా, మీది వేరే నొప్పి. మీ కండకు కొత్త పని వల్ల దెబ్బ తగల్లేదు. ఒకే భంగిమలో గంటల తరబడి ఉండటం వల్ల కండకు ఊపిరి ఆడటం లేదు. రాత్రి బకెట్ కంటే పగలు అరగంటకోసారి గుంతలో నుంచి లేచి రెండు నిమిషాలు నిలబడి వెనక్కి వంగడం మీకు ఎక్కువ పని చేస్తుంది. కూర్చునే పలక ఎత్తు కూడా ఒకసారి చూసుకోండి. మోకాళ్లు తుంటి కంటే పైకి ఉంటే నడుము మీద భారం పడుతుంది. ఒక దిండు వేసి వారం చూసి చెప్పండి.

కోదాడ_బిడ్డ | మంగళవారం, రాత్రి 10:10

ఇది రాయాలా వద్దా అని నిన్నటి నుంచి ఆలోచించాను. మా నాన్నకు పన్నెండేళ్లుగా షుగర్. పోయిన చలికాలం కాళ్లు గుంజుతున్నాయంటే నేనే గీజర్ నీళ్లు పట్టి, ఉప్పు వేసి ఇచ్చాను. చేత్తో చూడలేదు. "వేడి సరిపోయిందా నాన్నా" అని అడిగాను. "ఇంకొంచెం వేడి ఉన్నా బాగుండు" అన్నాడు. ఇంకో మగ్గు పోశాను. ఇరవై నిమిషాలు టీవీ చూస్తూ కూర్చున్నాడు.

పొద్దున దుప్పటి తీస్తే కుడి పాదం మీద, వేళ్ల మొదళ్ల దగ్గర నిమ్మకాయంత బొబ్బ, ఇంకా మూడు చిన్నవి. ఆయనకు ఒక్కటీ నొప్పి లేదు. నాకు అదే ఎక్కువ భయమేసింది. షుగర్ వల్ల పాదాల్లో నరాలు మొద్దుబారి వేడి తెలియలేదని డాక్టర్ చెప్పాకే అర్థమైంది. మొదట చూపించిన చోట పట్టీ కట్టి పంపారు, పుండు లోతు చూడలేదు. అది చీము పట్టాక ఇంకో చోటికి తీసుకుపోయాం. మానడానికి రెండున్నర నెలలు పట్టింది. ఒక వేలు పోతుందేమో అన్నారు, పోలేదు.

షుగర్ ఉన్నవాళ్ల కాళ్లు ఉడుకునీళ్లలో పెట్టకండి. "సరిపోయిందా" అని వాళ్లను అడగకండి, వాళ్లకు తెలియదు. ఎవరికి పెట్టినా మీ మోచెయ్యి ముంచి చూడండి.

అచ్చంపేట_అక్క | మంగళవారం, రాత్రి 10:25

బిడ్డా, నువ్వు రాయడం మంచిదైంది. మా ఆయనకూ షుగరే. రేపటి నుంచి మా ఇంట్లో బకెట్ బంద్.

ఫిజియో_నల్లగొండ | మంగళవారం, రాత్రి 10:50

కోదాడ చెల్లెమ్మ రాసింది అందరూ రెండుసార్లు చదవండి. ఇంకొన్ని కలుపుతాను. ఒక్క పిక్కే వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉంటే రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి. పిసకవద్దు, కాపడం పెట్టవద్దు, డాక్టర్ దగ్గరికి పోవాలి. బాగా కష్టపడిన తర్వాత మూత్రం ఎర్రగా, కోలా రంగులో వస్తే కండ కరిగి కిడ్నీల మీద పడుతుండవచ్చు, అదే రోజు ఆసుపత్రికి పోవాలి. పరుగు తమ్ముళ్లు ఇది మరవద్దు. చీలమండ మెలిపడి అప్పుడే వాచినప్పుడు మొదటి రెండు రోజులు వేడి వద్దు. బీపీ మందులు వేసుకునేవాళ్లు బాగా వేడి నీళ్లలో ఉండి ఒక్కసారి లేస్తే కళ్లు తిరిగి పడతారు, మెల్లగా లేవండి.

పాలమూరు_రన్నర్ | బుధవారం, ఉదయం 5:40

ఐస్ బాత్ సంగతి సార్? క్రికెటర్లు అదే చేస్తారు కదా.

ఫిజియో_నల్లగొండ | బుధవారం, ఉదయం 8:10

ఉప్పు కంటే దానికే ఆధారం ఎక్కువ. 2012లో కోక్రేన్ సంస్థ 17 చిన్న పరీక్షలను, 366 మందిని కలిపి చూసింది. చన్నీళ్లలో ఉన్నవాళ్లకు ఊరికే విశ్రాంతి తీసుకున్నవాళ్ల కంటే నొప్పి కొంత తక్కువ. కానీ ఆ నీళ్లు ఎక్కువగా 10 నుంచి 15 డిగ్రీలవి. ఎండాకాలం పాలమూరు సంపు నీళ్లు దానికి దరిదాపుల్లో ఉండవు. నువ్వు ఐసు గడ్డలు కొనే ఖర్చు పెట్టుకోకు. మరునాడు మెల్లగా నడువు, చాలు.

గట్టు_గోపాల్ | బుధవారం, మధ్యాహ్నం 12:15

పెద్దలు చేసిందంతా తప్పని తేల్చేస్తున్నారు. ఇక్కడి నుంచి మట్టి పనికి దేశమంతా తిరిగినవాళ్లు మా తాతలు. పాలమూరు లేబర్ కట్టని డ్యామ్ ఉందా? రాత్రి కాళ్లకు ఉప్పునీళ్లే వాళ్ల మందు. పుస్తకంలో లేకపోతే అబద్ధమా?

వనపర్తి_కెమిస్ట్రీ | బుధవారం, మధ్యాహ్నం 1:40

గోపాలన్నా, మా తాత కూడా ఆ గుంపులో పోయినవాడే. కట్ట మీద గంప మోసినవాడు. వాళ్లు చేసింది తప్పని నేను అనను. పొద్దంతా మట్టిలో, బురదలో ఉన్న కాళ్లకు పగుళ్లుంటాయి, వేళ్ల సందులు పాసిపోయి ఉంటాయి. ఉప్పునీళ్లలో కడిగితే అవి శుభ్రమవుతాయి. అక్కడ ఉప్పుకు నిజంగానే పని ఉంది. నేను కాదంటున్నది ఒక్కటే, కండ లోపలి నొప్పికి ఉప్పు పోయి మందు వేస్తుందనే మాటను. ఆ మాట మన తాతలది కూడా కాదు, ప్యాకెట్ల మీద అచ్చేసింది.

ఎప్సమ్ అనేది ఇంగ్లండ్‌లో ఊరు పేరు. అక్కడి ఊట నీళ్ల ఉప్పు మీద 1695లో నెహెమయా గ్రూ అనే వైద్యుడు పుస్తకమే రాశాడు. అప్పుడు దాన్ని ముఖ్యంగా తాగేవాళ్లు, విరేచనానికి. తెలుగులో పాత పేరు కూడా అదే చెప్తుంది, భేది ఉప్పు. ఇప్పుడు ఎవరైనా చదివి తాగుతారేమోనని చెప్తున్నాను. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు తాగితే మెగ్నీషియం బయటికి పోక గుండె, ఊపిరి మీద పడుతుంది. ఎరువుల సంచిలోది అసలే నోట్లో పెట్టుకునేది కాదు.

మెగ్నీషియం కావాలంటే మనకు ప్యాకెట్ ఎందుకు? పల్లీలు, నువ్వులు, జొన్నలు, సజ్జలు. వంద గ్రాముల పల్లీల్లో 150 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది సుమారు 300 నుంచి 400. జొన్న రొట్టె, పల్లీల చట్నీ తినే మనిషికి బకెట్ నుంచి రావాల్సిన పని లేదు.

గట్టు_గోపాల్ | బుధవారం, మధ్యాహ్నం 2:00

పగుళ్ల సంగతి నిజమే అన్నా. మా అవ్వ కూడా నొప్పి అనేది కాదు, "కాళ్లు మండుతున్నయి, ఉప్పునీళ్లు పెట్టు" అనేది. ఇప్పుడు యాదికొచ్చింది.

పాలమూరు_రన్నర్ | ఆదివారం, రాత్రి 9:05

ఈ నాలుగు రోజులు ఒక పని చేశాను. బుధవారం గ్రౌండ్ మెట్ల మీద నుంచి దిగుడు జంపులు చేశాను, శుక్రవారం మళ్లీ చేశాను. పిక్కలు, తొడలు రెండూ బాగా పట్టాయి. బుధవారం నుంచి రోజూ రాత్రి రెండు బకెట్లు. రెండింట్లో ఒకే కాగులో కాచిన నీళ్లు, పిండివంటల థర్మామీటర్‌తో చూసి 40 డిగ్రీలు. మా చెల్లెలు ఒకదాంట్లో రెండు పిడికిళ్లు వేసి, రెండూ కలిపి, తర్వాత నన్ను పిలిచేది. ఏ బకెట్లో వేసిందో తన నోట్‌బుక్‌లో రాసుకునేది, నాకు చెప్పేది కాదు. ఒక కాలు ఒకదాంట్లో, ఇంకో కాలు ఇంకోదాంట్లో. పావుగంట. తర్వాత బొటనవేలితో పిక్క మధ్యలో నొక్కి, నొప్పికి పదికి ఎన్ని మార్కులో రాసుకున్నాను.

ఈరోజు రెండు నోట్‌బుక్‌లు పక్కన పెట్టుకుని చూశాం. ఉప్పు కాలికి నాలుగు రాత్రులు 5, 6, 6, 4. ఉత్త నీళ్ల కాలికి 5, 6, 5, 4. బకెట్లో పెట్టకముందు రెండు కాళ్లకూ రోజూ ఒకటో రెండో ఎక్కువే ఉండేవి. ఏది ఉప్పు బకెట్టో నాలుగుసార్లు ఊహించాను, రెండుసార్లు కరెక్ట్.

వనపర్తి_కెమిస్ట్రీ | ఆదివారం, రాత్రి 9:30

తమ్మీ, మా కాలేజీ పిల్లలకు చూపిస్తాను ఇది. ఒక మనిషి, నాలుగు రాత్రులు, దీంతో లోకానికి ఏమీ రుజువు కాదు. కానీ చెల్లెలు రాసుకుని నీకు చెప్పకపోవడం ఉంది చూడు, ప్యాకెట్ అమ్మేవాళ్లు చేయాల్సిన పని మీ ఇంట్లో మీరు చేశారు.

దేవరకొండ_చిన్నోడు | ఆదివారం, రాత్రి 10:40

అందరికీ చాలా థ్యాంక్స్. నా కాళ్లు శుక్రవారానికి పూర్తిగా బాగయ్యాయి, ఫిజియో సార్ చెప్పినట్టే. ప్యాకెట్ కొనలేదు.

రన్నర్ తమ్ముడు పెట్టినది చదివి ఈ రాత్రి అమ్మకు కూడా రెండు బకెట్లు పెట్టాను. కాళ్లు పెట్టగానే ఎడమది చూపించి "ఇది ఉప్పుది" అంది. మడమ పగుళ్లు మండి తెలిసిపోయింది. పరీక్ష అక్కడే అయిపోయింది. నేను ఆ పగుళ్లు అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఒకదాంట్లో అగ్గిపుల్ల తల పడుతుంది. లోపల నల్లటి రేగడి, కడిగినా పోలేదు.

నొప్పి దేంట్లో తగ్గిందని అడిగాను. "రెండిట్లో ఒకటే" అంది. మరి రోజూ ఉప్పు ఎందుకు వేస్తావు అన్నాను. ఉత్త నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే మా నాయనమ్మ ఉన్న రోజుల్లో పని ఎగ్గొట్టిందని అనేవారట. ఉప్పు వేస్తే మందు. మందు పెట్టుకున్న మనిషిని ఎవరూ లేపరు. ఆ పావుగంట ఇన్నేళ్లుగా అట్లా దొరికింది ఆమెకు. ఇది చెప్పేటప్పుడు ఆమె నవ్వలేదు, బాధపడలేదు. నీళ్లలో వేళ్లు కదుపుతూ మామూలుగా చెప్పింది.

రాత్రి గిన్నెలు నేనూ నాన్నా తోమాం. అక్కా, మడమ పగుళ్లకు మీ వైపు ఏం పెడతారు? వ్యాసలైన్ రాసి సాక్సులు వేయమంటే రాత్రి సాక్సులు అమ్మకు ఉక్కపోత.

అచ్చంపేట_అక్క | సోమవారం, ఉదయం 6:05

బిడ్డా, నానిన కాళ్లను మెత్తటి బట్టతో అద్ది, తడి ఆరకముందే ఆముదం పట్టించు, లేకపోతే వ్యాసలైన్. పాత పల్చటి నూలు చీర ముక్క చుట్టు, సాక్సుల కంటే గాలి ఆడుతుంది. పగులు మానేదాకా ఉప్పు వేయకు, ఇంకా ఎండిపోతుంది. నెత్తురు వచ్చినా, చీము కనిపించినా చూపించు. షుగర్ పరీక్ష ఎప్పుడైనా చేయించావా ఆమెకు?

దేవరకొండ_చిన్నోడు | సోమవారం, ఉదయం 6:20

లేదు అక్కా. ఈరోజే తీసుకుపోతున్నా, పరగడుపున ఉంది.